మఫ్టీలో కారు

"గురూ, కాస్త స్పీడు తగ్గించు. కుడి పక్క లేను చూడు. అది ఖచ్చితంగా మామగారే."

ఇలా అన్నది మా కార్ల రావు. అసలు పేరు వేరే ఉంది కానీ ఆఫీసులో అందరం ఇలాగే పిలుస్తాం. జావా కోడ్‌లో నల్ పాయింటర్ కనిపెట్టడానికి మూడు గంటలు తీసుకునే ఈ మనిషి, అర మైలు దూరం నుంచి టెయిల్ లైటు చూసి అది ఏ కంపెనీ, ఏ మోడలు, ఏ సంవత్సరం అన్నీ చెప్పేస్తాడు. ఇద్దరం ఫ్రీమాంట్ నుంచి ఆఫీసుకి కార్ పూల్ చేస్తుంటాం. నేను డ్రైవింగు, ఆయన రన్నింగ్ కామెంటరీ.

ఆ రోజు 880 మీద మా పక్కన వెళ్తున్నది ఓ బూడిద రంగు పెద్ద సెడాన్. స్టీల్ చక్రాలు, వాటికి చిన్న మూతలు. డ్రైవరు పక్క అద్దం ముందు ఓ స్పాట్ లైటు. డిక్కీ మీద పొట్టి యాంటెన్నా. బండి చూస్తే షెవర్లేనే, కానీ షోరూముల్లో ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. మేమే కాదు, చుట్టుపక్కల వాళ్ళంతా ఠక్కున 65కి దిగిపోయారు. అంతవరకూ 80లో దూసుకెళ్తున్న టెస్లా కూడా స్కూల్లో హెడ్మాస్టారు కనిపించిన పిల్లాడిలా బుద్ధిగా అయిపోయింది. దాన్ని దాటే ధైర్యం ఎవరికీ లేదు.

"అది కెప్రీస్ గురూ! ఆస్ట్రేలియాలో తయారు చేసి ఇక్కడికి తెచ్చేవారు. 2011 నుంచి 2017 దాకా పోలీసులకి మాత్రమే అమ్మారు. నీకూ నాకూ ఇవ్వరు" అని రావుగారు పరవశించిపోతున్నారు.

చివరికి ట్రాఫిక్ ఆగిన చోట ఆ బండి మా పక్కకే వచ్చింది. లోపల చూస్తే డెబ్బై దాటిన ఓ తాతగారు. వెనక సీట్లో చేపలు పట్టే గేలాలు, ఓ ఐస్ పెట్టె, ఓ కుక్క. పోలీసు వాళ్ళు వాడి పారేసిన బండిని వేలంలో కొనుక్కున్నట్టున్నారు. మా వైపు చూసి చెయ్యి ఊపారు కూడా. మేం నవ్వుకుని నవ్వుకుని ఆఫీసు పార్కింగ్ దాకా వెళ్ళాం.

ఇంతవరకూ సరదా కథే. ఈ ఆట ఇక్కడ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళందరూ ఆడతారు. వింతగా ఉన్న కారు కనబడగానే "ఇది మఫ్టీ పోలీసు కారా, కాదా?" అని ఫోటోలు తీసి వాదించుకుంటారు. నేనూ ఆడాను. కానీ ఈ ఆట వెనకాల ఓ సీరియస్ ప్రశ్న ఉందని నాకు మా ఆవిడ వల్ల అర్థమైంది. ఆ సంగతి చెప్పేముందు రావుగారి పాఠం కాస్త వినండి, మీకూ పనికొస్తుంది.

పాత రోజుల్లో ఈ ఆట చాలా తేలిక. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కనిపిస్తే పోలీసు, లేకపోతే ట్యాక్సీ. బరువైన ఫ్రేము, 4.6 లీటర్ల వీ8 ఇంజను, కుడితే అవతలి కారే పోవాలి తప్ప దానికేం కాదు. పోలీసు మోడల్‌కి పీ71 అని ఒక కోడ్ ఉండేది, కార్ల పిచ్చి వాళ్ళు ఆ కోడ్‌ని గాయత్రీ మంత్రంలా జపించేవారు. కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో 2011 సెప్టెంబరులో ఆఖరి బండి బయటికొచ్చింది. అక్కడితో ఆ శకం ముగిసింది.

తర్వాత వచ్చినవి డాడ్జ్ చార్జర్, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్, షెవర్లే టాహో. ఇక్కడే చిక్కొచ్చింది. ఎక్స్‌ప్లోరర్ అంటే మన పక్కింటి వాళ్ళు పిల్లల్ని సాకర్ ప్రాక్టీసుకి తీసుకెళ్ళే బండి. మా తెలుగు సంఘం పిక్నిక్‌కి వెళ్తే పార్కింగ్‌లో నాలుగైనా ఉంటాయి. దానికి పైన లైట్లు లేకుండా, తలుపు మీద బొమ్మ లేకుండా, అద్దం వెనక సన్నటి ఎల్‌ఈడీ పట్టీ పెడితే ఇంక బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కొన్ని ఊళ్ళలో ఇంకో ఎత్తు వేస్తారు. నల్ల కారు మీద నల్ల అక్షరాలే అంటిస్తారు. పగలు ఏమీ కనబడదు, రాత్రి మన హెడ్ లైటు పడితే మాత్రం 'పోలీస్' అని మెరుస్తుంది. దీనికి ముద్దుగా దెయ్యం అక్షరాలు అని పేరు.

సరే, మా ఆవిడ సంగతికి వద్దాం.

ఏడేళ్ళ క్రితం మాట. అప్పుడు మేం వేరే రాష్ట్రంలో, ఓ చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. తను టెస్టింగ్‌లో పని చేసేది. ఆ రోజు రిలీజు. పాపం అన్ని రిలీజుల్లాగే అదీ సాయంత్రం ఆరుకి అయిపోవాల్సింది, రాత్రి పదకొండున్నరకి అయింది. ఇంటికి వస్తుంటే, రెండే లేన్లున్న రోడ్డు మీద, అటూ ఇటూ మొక్కజొన్న చేలు తప్ప ఇంకేమీ లేని చోట, వెనకాల వస్తున్న ఓ మామూలు కారు అద్దంలోంచి ఎర్ర నీలం లైట్లు వెలగడం మొదలెట్టాయి. సైరన్ లేదు. పైన లైట్ల పట్టీ లేదు. పక్కల ఏమైనా రాసుందో లేదో ఆ వెలుగులో కనబడదు.

తను ఆపలేదు. హజార్డ్ లైట్లు వేసి, పాతికలో నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్ళింది. 911కి ఫోన్ చేద్దామంటే ఫోను వెనక సీట్లో హ్యాండ్ బ్యాగులో ఉంది. రెండు మైళ్ళ తర్వాత ఓ గ్యాస్ స్టేషన్ వస్తే అక్కడ ఆపింది. వెనక కారులోంచి దిగిన మనిషి జీన్స్ ప్యాంటు, పైన ఓ చేతుల్లేని జాకెట్టు, చెయ్యి తుపాకీ మీద. పెద్దగా అరుస్తున్నాడు, చేతులు స్టీరింగ్ మీద పెట్టమని. తనకి కాళ్ళు వణికిపోతున్నాయి, నోట మాట రావడం లేదు.

అతను నిజం పోలీసే. స్పీడు ఏడు మైళ్ళు ఎక్కువ ఉందట. చివరికి హెచ్చరించి వదిలేశాడు. వదిలేసే ముందు ఒక మాట అన్నాడట. "రెండు మైళ్ళు నువ్వు ఆపకపోతే పారిపోతున్నావనుకున్నాను. లోపల ఎవరున్నారో, ఏం చేస్తారో నాకేం తెలుసు?" అని.

ఆ మాట తను ఇంటికొచ్చి చెప్పినప్పుడు నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, "అయినా ఆపేసి ఉండాల్సింది కదా, పోలీసులతో ఎందుకు?" అనడం. తను నా వైపు అదోలా చూసి, "ఏమండీ, ఎవరో తెలియకుండా అర్ధరాత్రి ఇంటి తలుపు తీస్తామా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తను మళ్ళీ ఆ రోడ్డు మీద రాత్రి పూట కారు తియ్యలేదు.

తర్వాత ఆలోచిస్తే నాకు ఒకటి తోచింది. ఆ రాత్రి తప్పు తనదీ కాదు, ఒక రకంగా ఆ పోలీసుదీ కాదు. ఇద్దరూ ఒకళ్ళంటే ఒకళ్ళు భయపడ్డారు. ఆ భయానికి కారణం ఆ కారు. అదే కారు తెలుపు నలుపులో, పైన లైట్లతో వచ్చి ఉంటే తను మొదటి పది సెకన్లలో పక్కకి ఆపేది. ఏడు మైళ్ళ స్పీడు కోసం పెట్టిన దొంగాటలో, తుపాకీ మీద చెయ్యి పడేదాకా వెళ్ళింది వ్యవహారం.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. దొంగల్ని, డ్రగ్స్ ముఠాల్ని పట్టుకోవడానికి మఫ్టీ కారు ఉండాలి, తప్పదు. కానీ రోడ్డు మీద మామూలు జనాన్ని ఆపే కారు మాత్రం చూడగానే పోలీసు కారని తెలియాలి. తెలియకపోతే, ఆపమన్నవాడు తనెవరో నిరూపించుకునే దారి ఉండాలి. ఈ బరువు ఆపేవాడి మీద ఉండాలి గానీ ఆగేవాడి మీద కాదు.

ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మేం ఇప్పుడుంటున్న కాలిఫోర్నియాలో ఈ ఆలోచన 1920ల నుంచీ ఉంది. ఇక్కడి వెహికిల్ కోడ్‌లో 40800 అని ఓ సెక్షన్ ఉంది. ముఖ్యంగా ట్రాఫిక్ డ్యూటీ మీద ఉన్న పోలీసు పూర్తి యూనిఫాంలో ఉండాలి, అతని కారుకి ప్రత్యేకంగా గుర్తుపట్టే రంగు ఉండాలి అని అది చెప్తుంది. అలా లేకుండా పట్టుకుంటే కోర్టులో ఆ పోలీసు సాక్ష్యం చెల్లదని 40804 చెప్తుంది. చెట్ల చాటున దాక్కుని జనాన్ని పట్టుకుని జరిమానాలతో ఖజానా నింపుకోవడం మీద ఆ రోజుల్లోనే విసుగొచ్చి పెట్టిన నియమాలివి. ఇంకోటి, 2800.1 సెక్షన్ ప్రకారం పోలీసుల నుంచి పారిపోయాడని కేసు పెట్టాలంటే ముందు వైపు ఎర్ర లైటు వెలగాలి, అవసరమైనంత సైరన్ మోగాలి, కారుకి ప్రత్యేకమైన గుర్తులుండాలి, లోపలి మనిషి యూనిఫాంలో ఉండాలి. అంటే చట్టం రాసినవాళ్ళు మా ఆవిడ వేసిన ప్రశ్నే వేసుకున్నారన్నమాట. (అలాగని మఫ్టీ కారు వెనక పడితే కాలిఫోర్నియాలో ఆపక్కర్లేదని అనుకునేరు! ట్రాఫిక్ ముఖ్యమైన డ్యూటీ కాని పోలీసు కూడా ఆపొచ్చు. ఇది లాయరు సలహా కాదు బాబూ.)

ఇంగ్లండులో దారి కాస్త వేరు. అక్కడ గుర్తుల్లేని కారు మిమ్మల్ని వెంబడించొచ్చు. కానీ 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం 163 సెక్షన్ ప్రకారం మిమ్మల్ని ఆపాల్సింది యూనిఫాంలో ఉన్న పోలీసు. మన ఇండియాలో కూడా, చాలామందికి తెలియదు గానీ, మోటారు వాహనాల చట్టం 130 సెక్షన్ లైసెన్సు చూపించమని అడిగే పోలీసు యూనిఫాంలో ఉండాలనే చెప్తుంది. మూడు దేశాలు, మూడు చట్టాలు, మూడింటికీ మూలం ఒకటే. అడిగేవాడు ముందు తనెవరో చూపించాలి.

"అంత భయమెందుకు, దొంగ పోలీసులు ఎంతమంది ఉంటారు?" అని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అనుకునేవాడిని. కొన్ని సంగతులు చెప్తాను.

1974 నవంబరులో యూటాలోని ముర్రే అనే ఊళ్ళో ఓ మాల్‌లో ఒకడు పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి దగ్గరికొచ్చి, నేను పోలీసుని, నీ కారులో ఎవరో దొంగతనం చెయ్యబోయారు, స్టేషన్‌కి రా అన్నాడు. తీసుకెళ్ళిన కారు ఏమిటో తెలుసా? ఫోక్స్‌వాగన్ బీటిల్! మన కార్ల రావుని అడిగితే పడి పడి నవ్వుతాడు, బీటిల్లో పోలీసేంటని. ఆ అమ్మాయికీ అనుమానం వచ్చింది. గుర్తింపు చూపించమంటే ఓ బ్యాడ్జి లాంటిది చూపించాడు. పెద్దవాళ్ళు, పోలీసులు చెప్తే వినాలని పెరిగిన పిల్ల, ఎక్కింది. వాడు టెడ్ బండీ. ఆమె పోరాడి కారులోంచి దూకి బతికింది కాబట్టి, 1976లో ఆమె సాక్ష్యంతోనే వాడికి కిడ్నాపు కేసులో శిక్ష పడింది. పోలీసులు ఎలాంటి కారులోనైనా రావచ్చు అని జనం నమ్మిన రోజున బీటిల్ కూడా పోలీసు కారే అవుతుంది.

అది పాత కథ అంటారా? 2025 జూన్ 14 తెల్లవారుజామున మినెసోటాలో ఒకడు పోలీసు వేషంలో, పోలీసు బండిలా లైట్లు పెట్టిన నల్ల ఎస్‌యూవీలో ప్రజా ప్రతినిధుల ఇళ్ళకి వెళ్ళాడు. మెలిసా హోర్ట్‌మన్ అనే శాసనసభ్యురాలినీ, ఆమె భర్తనీ చంపేశాడు. ఇందులో నన్ను నిద్ర పోనివ్వని వివరం ఇంకోటుంది. కోర్టు పత్రాల ప్రకారం, ఆ రాత్రే ఇంకో ప్రతినిధి ఇంటి దగ్గర ఓ నిజం పోలీసు ఆఫీసరు ఈ బండిని చూసింది. మన డిపార్ట్‌మెంట్ వాళ్ళే ముందొచ్చారు కాబోలు అనుకుంది. పక్కన ఆపి పలకరించింది కూడా. వాడు పలకలేదు. నిజం పోలీసుకే తేడా తెలియనప్పుడు రాత్రి పదకొండున్నరకి ఒంటరిగా ఉన్న ఓ టెస్టర్‌కి ఏం తెలుస్తుంది చెప్పండి?

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం తగలాలి. కార్ల రావుతో ఈ విషయం మాట్లాడితే ఆయన రెండు పాయింట్లు లాగాడు, రెండూ గట్టివే.

మొదటిది: "గుర్తులుంటే మాత్రం? నోవా స్కోషియా మర్చిపోయావా?" 2020 ఏప్రిల్‌లో కెనడాలో ఒకడు, పోలీసులు వాడి అమ్మేసిన ఫోర్డ్ టారస్ కొనుక్కుని, దానికి అచ్చం పోలీసు కారులాగే స్టిక్కర్లు అంటించి, యూనిఫాం వేసుకుని రెండు రోజుల్లో 22 మందిని చంపాడు. ఆ కారుకి గుర్తులన్నీ ఉన్నాయి. గుర్తులుండటమే దాని బలం. నిజమే, ఒప్పుకుంటాను. ఆ దెబ్బతో ఆ రాష్ట్రం 2021లో పోలీసు యూనిఫాంలు, సామగ్రి ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో ఉండకుండా చట్టం చేసింది. కానీ తేడా చూడండి. పూర్తి పోలీసు కారుని నకలు చెయ్యడానికి నెలల పని, డబ్బు, పిచ్చి అన్నీ కావాలి. మఫ్టీ కారుని నకలు చెయ్యడానికి ఏం కావాలి? ఓ మామూలు కారు, ఇంటర్నెట్లో కొన్న ఓ ఎల్‌ఈడీ లైటు. మొదటి దొంగతనానికి తాళం పగలగొట్టాలి, రెండోదానికి తలుపే లేదు.

రెండోది: "పోలీసు కారు కనిపిస్తే అందరూ బుద్ధిమంతులే గురూ. ఆ తాతగారిని చూసి టెస్లా ఎలా తగ్గిందో చూశావుగా. ఆయన దాటిపోగానే మళ్ళీ 80. అసలు రంగు చూడాలంటే దాక్కుని చూడాల్సిందే." ఇదీ కొట్టిపారేసేది కాదు. వంద దాటి లేన్లు కోస్తూ వెళ్ళే వాళ్ళని నేనూ రోజూ చూస్తున్నాను, మనసులో తిట్టుకుంటున్నాను. 2025లో కాలిఫోర్నియా హైవే పెట్రోల్ వాళ్ళు ఇందుకే ఓ వంద డాడ్జ్ డ్యురాంగోలు దింపారు. పూర్తి మఫ్టీ కాదు, గుర్తులు ఉంటాయి, కాకపోతే దూరం నుంచి మామూలు ట్రాఫిక్‌లో కలిసిపోతాయి. దగ్గరికొస్తే పోలీసని తెలుస్తుంది. నాకు ఈ మధ్యేమార్గం పూర్తిగా నచ్చకపోయినా అర్థమవుతుంది. వేటాడేటప్పుడు కాస్త దాక్కో, పట్టుకునేటప్పుడు మాత్రం మొహం చూపించు.

కానీ రావుగారి రెండో పాయింటులోనే జవాబు కూడా ఉంది. ఆ తాతగారి రిటైరైన కారు, కుక్కా గేలాలూ వేసుకుని, ఒక్క టికెట్ రాయకుండా, ఆ ఉదయం 880 మీద ఓ యాభై కార్లని 65లో నడిపించింది. కనబడటంలో ఉన్న బలం అది. దాక్కున్న కారు ఒకణ్ణి పట్టుకుంటుంది, కనబడే కారు యాభై మందిని ఆపుతుంది. టికెట్లు రాయడం లక్ష్యమా, జనం నెమ్మదిగా నడపడం లక్ష్యమా అన్నది ముందు తేల్చుకోవాలి.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మన భాషలో చెప్తాను. బ్యాంకు వెబ్‌సైటుకి వెళ్తే ముందు ఏం జరుగుతుంది? సర్వరు తన సర్టిఫికెట్ చూపిస్తుంది. బ్రౌజరు దాన్ని సరి చూసుకుంటుంది. ఆ తర్వాతే మనం పాస్‌వర్డ్ కొడతాం. ఆఫీసులో ఏడాదికి రెండుసార్లు ఫిషింగ్ ట్రైనింగ్ ఇచ్చి మరీ చెప్తారు, ఎవరు అడిగారో తెలియకుండా వివరాలు ఇవ్వొద్దు, లింకు నొక్కొద్దు అని. అంత చదువు చెప్పించుకున్న మనం, రోడ్డు మీద మాత్రం వెనకాల రెండు రంగుల లైటు వెలిగితే చాలు, లైసెన్సు, ఇన్సూరెన్సు, ఇంటి అడ్రసు, అవసరమైతే మన ప్రాణం కూడా వాడి చేతిలో పెట్టాలి. ఆ లైటు యూజర్ నేము మాత్రమే. పాస్‌వర్డ్ ఎక్కడ?

దీనికి ఓ మంచి ఉదాహరణ లండన్‌లో ఉంది, కాకపోతే దాని వెనక పెద్ద విషాదం ఉంది. 2021 మార్చిలో సారా ఎవరార్డ్ అనే ఆవిడని ఓ పోలీసు ఉద్యోగే, డ్యూటీలో లేనప్పుడు, తన నిజం ఐడీ కార్డు చూపించి, అరెస్టు చేస్తున్నట్టు నమ్మించి, అద్దె కారులో తీసుకెళ్ళి చంపేశాడు. కార్డు నిజమే, మనిషే దొంగ. ఆ తర్వాత అక్కడి పోలీసులు ఓ పద్ధతి పెట్టారు. మఫ్టీలో ఒంటరిగా ఉన్న పోలీసు, ఒంటరిగా ఉన్న మహిళని ఆపితే, తనే కంట్రోల్ రూముకి వీడియో కాల్ చేసి, అక్కడున్న ఆఫీసరు చేత తను ఫలానా అని, డ్యూటీలో ఉన్నానని చెప్పించాలి. మన టూ ఫ్యాక్టర్ అన్నమాట. పెట్టాల్సిన రోజు కంటే చాలా ఆలస్యంగా పెట్టారు, కానీ ఆలోచన సరైనది.

అమెరికాలో ఈ చర్చ 2025లో ఇంకా వేడెక్కింది. ఇమ్మిగ్రేషన్ అధికారులు ముఖాలకి మాస్కులు, గుర్తుల్లేని కార్లతో జనాన్ని పట్టుకెళ్ళడం అందరం వీడియోల్లో చూశాం. ఆ సెప్టెంబరులో కాలిఫోర్నియా గవర్నరు మాస్కుల మీదా, గుర్తింపు చూపించడం మీదా చట్టాలకి సంతకం పెట్టారు, వాటి మీద కేంద్రం కోర్టుకెళ్ళింది. ఇమ్మిగ్రేషన్ విధానం మీద మీ రాజకీయం మీది, నా రాజకీయం నాది, ఇక్కడ దాని జోలికి వెళ్ళను. కానీ వీసా మీద బతికే మనలాంటి వాళ్ళు ఒక్క విషయం ఆలోచించాలి. మాస్కు, జీన్సు, మామూలు కారు ఇవే ప్రభుత్వానికి గుర్తులైతే, రేపు అదే వేషంలో వచ్చిన దొంగని మనం ఏ ధైర్యంతో ప్రశ్నిస్తాం? మనకసలే యూనిఫాం చూస్తే నోరు పెగలదు.

ఆ నోరు పెగలకపోవడం మనకి ఊరి నుంచి వచ్చిన ఆస్తి. మన దగ్గర దొంగ పోలీసుకి కారు కూడా అక్కర్లేదు. పొద్దున్నే గుడికెళ్తున్న పెద్దావిడ దగ్గరికి ఇద్దరొచ్చి, "అమ్మా, మేం పోలీసులం, ముందు వీధిలో గొడవలు జరుగుతున్నాయి, ఆ నగలు తీసి కాయితంలో చుట్టి సంచిలో పెట్టుకో" అంటారు. వాళ్ళే చుట్టి ఇస్తారు. ఇంటికెళ్ళి విప్పితే గులకరాళ్ళు. మా పిన్ని ఇలాగే నాలుగు పేటల గొలుసు పోగొట్టుకుంది. "ఐడీ అడగలేదా పిన్నీ?" అంటే, "పోలీసుల్ని ఐడీ అడుగుతార్రా ఎక్కడైనా?" అంది. ఇప్పుడు అదే నాటకం ఫోన్లోకి వచ్చి డిజిటల్ అరెస్టు అయింది. గొలుసు బదులు ఫిక్సెడ్ డిపాజిట్లు పోతున్నాయి. పోగొట్టుకున్న వాళ్ళలో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళూ ఉన్నారు.

హైదరాబాదు రోడ్ల మీద ఇంకో రకం వింత. ఇక్కడ పోలీసు కారు మామూలు కారులా నటిస్తే, అక్కడ మామూలు కారు పోలీసు కారులా నటిస్తుంది. బావమరిది కానిస్టేబుల్ అయితే చాలు, బండి అద్దం మీద 'పోలీస్' స్టిక్కరు. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్ర బుగ్గలు తీసేశారు, మంచి పని చేశారు. స్టిక్కర్లు మాత్రం మిగిలిపోయాయి. నాకు రెండూ ఒకే జబ్బులా కనిపిస్తాయి. గుర్తుకి విలువ పోతుంది. అందరూ వాడినా పోతుంది, వాడాల్సిన వాళ్ళు వాడకపోయినా పోతుంది.

సరే, చట్టాలు మారేదాకా మనం ఏం చెయ్యాలి? ఇక్కడ పోలీసులే సాధారణంగా చెప్పే పద్ధతి ఇది. గుర్తుల్లేని కారు వెనకాల లైట్లు వేస్తే వెంటనే స్పీడు తగ్గించండి, హజార్డ్ లైట్లు వెయ్యండి. నేను చూశాను, ఆపుతాను అని అవతలి వాడికి అర్థమవ్వాలి. 911కి ఫోన్ చేసి ఎక్కడున్నారో చెప్పి, నన్ను ఆపుతున్నది పోలీసేనా అని అడగండి. దగ్గర్లో వెలుతురు, జనం ఉన్న చోట ఆపండి. తలుపులు లాకు చేసి, అద్దం కాస్త దించి, చేతులు స్టీరింగ్ మీద పెట్టి, మర్యాదగా ఐడీ అడగండి. ఇదంతా చేసినా అవతలి పోలీసుకి కోపం రాదని నేను హామీ ఇవ్వలేను, మా ఇంట్లోనే చూశాను కదా. కానీ రికార్డయిన ఓ 911 కాల్ మీ వైపు సాక్ష్యంగా ఉంటుంది. ఇంకోటి, దయచేసి ఫోను హ్యాండ్ బ్యాగులో పెట్టి వెనక సీట్లో పడెయ్యకండి. మా ఇంట్లో ఆ రోజు నుంచీ ఫోను ముందు స్టాండులోనే ఉంటుంది.

మొన్న రావుగారికి ఈ సంగతులన్నీ చెప్పాను. ఎప్పుడూ లేనిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ ఆవిడ చేసింది కరెక్టే గురూ. నేనైతే కారు మోడలు చూసుకుంటూ ఆపేసేవాణ్ణి" అన్నాడు. అంతలోనే ఎదురుగా ఓ నల్ల ఎక్స్‌ప్లోరర్ కనిపించింది. ఇద్దరం ఒకేసారి చక్రాల వైపు చూశాం. కార్ల పిచ్చి ఉన్న ఆయనకీ, లేని నాకూ, ఇద్దరికీ తెలియలేదు. నేను స్పీడు 65కి దించాను. ఈసారి నవ్వు రాలేదు.